గిన్నె వంచిన ఆదివారం

మా ఇంట్లో కోడికూర తలుపు మూసుకుని వండేవాళ్లం.

ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాటుసారా కాస్తున్నారా తలుపు మూసుకోవడానికి అంటారు. కాదు, కోడే. అంగట్లో తూకం వేయించి, పైసలిచ్చి కొన్న కోడే. అయినా మూసేవాళ్లం. గడియ పెట్టి, తలుపు కింది సందులో తడిపిన గోనెసంచి కుక్కి, కిటికీకి దుప్పటి కట్టి, అప్పుడు స్టవ్వు ముట్టించేది మా అమ్మ. ఇంకో మూలకు ఊదుబత్తి. కిరసనాయిలు పొగ, ఊదుబత్తి పొగ, కూర పొగ మూడూ కలిసి మా కళ్లల్లోకే వచ్చేవి. కూర తినే పూట కూడా ఏడుస్తూ తిన్నట్టే ఉండేది మాకు.

మాది ఉస్మాన్‌గంజ్. మొజంజాహి మార్కెట్ దగ్గర దిగి అఫ్జల్‌గంజ్ దిక్కు నడుస్తుంటే, ఆబిడ్స్ సెంటు వాసన పోయి మిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతుంది చూడండి, అక్కడ మొదలైతది మా గంజ్. ఒక పక్క బేగంబజార్, ఇంకో పక్క గౌలిగూడ. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు గంజ్‌ది. ఆయన రెండో కొడుకు పేరు 1935లో కట్టిన మార్కెట్‌ది. రాజుల పేర్లు నిలిచినయి. బస్తాలు మోసినోళ్ల పేరు ఒక్క సందుకైనా ఉన్నట్టు నేను చూడలేదు.

మా తాత పాలమూరు జిల్లాలో చెప్పులు కుట్టేటోడు. మేం మాదిగోళ్లం. ఊర్లో ప్లాస్టిక్ చెప్పులొచ్చి తాత ఆరె మూలకు పడ్డది. మా నాయిన లారీ ఎక్కి పట్నమొచ్చి గంజ్‌లో హమాలీ అయిండు. చేతిలో ఇనుప కొక్కెం, నెత్తికి గోనెసంచి మడిచి చేసుకున్న కుచ్చు టోపీ. క్వింటాలు బస్తా వీపు మీద పడితే ముందుకు వంగి ఉరికినట్టే నడిచేటోడు. ఆగితే కూలిపోతడు కాబట్టి ఉరుకుడు. అమ్మ గోదాములు ఊడ్చేది. ఒక గోదాము వెనక సందులో, ఒకప్పుడు పాత సంచులు పడేసే గది మాకు కిరాయికిచ్చిన్రు. కిరాయి సగం పైసలు, సగం చాకిరీ. షరతు ఒక్కటే. "అందర్ గోష్ నై పకానా." లోపల మాంసం వండొద్దు.

ఇక మా కూర సంగతి చెప్తా. ఎందుకంటే ఆ కూరంతా గంజే.

బస్తాకు కొక్కెం దిగిన చోట గోనె చిరిగి గింజలు కారుతయి. లారీ దించినంక నేల మీద ఒక చారలాగ మిగులుతయి. దాన్ని ఊడ్చుకుని పోవడం ఊడ్చేటోళ్ల హక్కు. హక్కు అని మేమనుకునేటోళ్లం, దయ అని వాళ్లనుకునేటోళ్లు. అమ్మ ఆ ఊడ్పును కొంగులో మూటగట్టుకొచ్చి చాటలో పోసి చెరిగేది, నేమేది, నేను రాళ్లేరేదాన్ని. ఎక్కువ భాగం నూకలే. గోనె పీచు, మట్టి, ఎలుక పెంటికలు పోను ఒక మానెడు మిగిలేవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక మాకూ కార్డు దొరికింది. అయినా అమ్మ ఊడ్పు మానలేదు. "కార్డు బియ్యం నెలలో ఎన్ని రోజులొస్తయి బిడ్డా, ఊడ్పు రోజూ వస్తది" అనేది.

మసాలా కూడా నేల మీదిదే. నిజామాబాదు నుంచి వచ్చిన పసుపు కొమ్ముల విరుగుడు. గుంటూరు మిరపకాయల తొడిమలు, పగిలిన కాయలు. దాల్చినచెక్క పొట్టు. కర్ణాటకలో తిప్టూరు నుంచి దిగే కుడుకల బస్తాల్లో విరిగి పడిన ముక్కలు. కోస్తావాళ్లు ఎండుకొబ్బరి అంటారు, మేం కుడుక అంటాం. మా పాలమూరులో మా ఊరి చుట్టుపక్కల కొబ్బరిచెట్టు చూద్దామన్నా లేదు. సముద్రం పక్కనోళ్లు, కాలవ కింద ఊర్లోళ్లు తినే తిండి. అది మా పొయ్యి మీదికి వచ్చిందంటే మా నాయిన వీపు మీదుగనే వచ్చింది.

కోడి అంటే నిలువు కోడి అనుకోకండి. అప్పుడప్పుడే బాయిలర్ కోడి అంగళ్లు ఎక్కువవుతున్న కాలం. పై కులపోళ్లు, ఆఫీసర్లు మంచి ముక్కలు పట్టుకుపోయినంక కాళ్లు, తలకాయలు, మెడలు, కందనకాయలు మిగిలేవి. అవే మా పాలు. కాళ్లను స్టవ్వు మంట మీద తిప్పి కాలిస్తే పసుపుపచ్చ తోలు బుడిపెలు లేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో వేసి గుంజితే మేజోడు ఊడినట్టు ఊడొస్తది. గోర్లు కత్తితో నరకాలి. ఈ పని నాది. తొమ్మిదేండ్లకే నేర్చుకున్నా.

తర్వాత అమ్మ కుడుక ముక్కల్ని మంట మీద పట్టి అంచులు నల్లబడేదాకా కాల్చేది. ధనియాలు, రెండు పిడికిళ్ల పల్లీలు వేయించేది. గసాలు కొనే తాహతు లేదు, పల్లీలే గసాలు. అల్లం, ఎల్లిగడ్డ, కాల్చిన కుడుక రోట్లో వేసి నూరితే అందులోంచే నూనె ఊరేది, అందుకని కూరకు వేరే నూనె చెంచాడు పోస్తే చాలు. ఉల్లిగడ్డ ఎర్రగయినంక ముక్కలేసి, ఉప్పు, పసుపు, కారం వేసి, ఆ ముక్కల నీళ్లు ఆ ముక్కల్లోనే ఇగిరిపోయేదాకా మూత పెట్టాలి. అప్పుడు నీళ్లు పోయాలి. కాళ్లు ఎంత ఉడికితే అంత జిగురొస్తది. ఆఖరుకు నూరిన ముద్ద. ఇంకో పక్క నూకలు. నూకల్ని బియ్యంలాగ నానబెట్టొద్దు, పిండయితయి. ఒక్కసారి కడిగి, సోలెడు నూకలకు రెండు సోలెల నీళ్లు మరిగినంక పోసి, మంట తగ్గించాలి. మాకు పళ్లేలు రెండే, తినేటోళ్లం నలుగురం. అందుకని అమ్మ నూకల బువ్వ ఉన్న గిన్నెలోనే నడుమ గుంట చేసి కూర పోసేది. చుట్టూ కూర్చుని నాలుగు చేతులు అందులోనే. కుడుక పులుసు బువ్వలోకి ఇంకుతుంటే ఎవరి దిక్కు పాయ వస్తే వాళ్ల అదృష్టం.

1986 ఎండాకాలం. నాకు పదేండ్లు. ఆదివారం గంజ్ బందు. బందు రోజు ఎవరూ రారని ధైర్యం. ఆ పూట కూర ఉడికింది, బువ్వ దించిన్రు, ఇంకా కూర పోయలేదు. తలుపు కొట్టిన్రు. గోదాముకు కొత్త తాళం పెట్టించడానికి యజమాని వచ్చిండు.

ఆయన అరవలేదు. కొట్టలేదు. అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పినా పెద్ద సంగతిలాగ వినపడదు. చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని గడప అవతలే నిలబడ్డడు. "ఏం వండినవ్?" అన్నడు. అమ్మ, "కోడి సేటూ, పిల్లలు అడిగిన్రు" అంది. ఆయన మోరీ దిక్కు చెయ్యి చూపిచ్చిండు. అంతే.

అమ్మ పైటకొంగుతో గిన్నె పట్టుకుంది. మోరీ దగ్గరికి పోయి వంచింది. ఒక్కసారే వంచలేదు, మెల్లగ వంచింది. చివరికైనా ఆగు అంటడేమో అనుకుందట, తర్వాత ఎన్నో ఏండ్లకు నాకు చెప్పింది. ఆయన అనలేదు. కుక్కలొచ్చినయి. అప్పుడు గడప కడగమన్నడు, పసుపునీళ్లతో. అమ్మ డబ్బాలోంచి పసుపు తీసి నీళ్లలో కలిపింది.

ఆ పసుపు ఆయన గోదాములోదే. మోరీలో పోయిన కుడుక ఆయన గోదాములోదే. ఆ బస్తాలు మోసిన వీపు తాకితే ఆయన పసుపుకు మైల అంటలేదు. ఆ నేల ఊడ్చిన చెయ్యి తాకితే ఆయన కుడుకలకు మైల అంటలేదు. అదే చెయ్యి వాటిని కూర చేస్తే గడపకు మైల అంటింది. పదేండ్ల పిల్లకు ఇవన్నీ అర్థమైనయని అబద్ధం చెప్పను. నాకు ఆ రోజు అర్థమైంది ఒక్కటే. మా నాయిన చెయ్యి నా భుజం మీద ఉంది, ఆ చెయ్యి వణుకుతుంది. క్వింటాలు బస్తా కింద వణకని చెయ్యి అది.

బువ్వ మిగిలింది. బువ్వ మీద ఎవరికీ పేచీ లేదు. ఉప్పు, కారం వేసుకుని తిన్నం. తమ్ముడు చిన్నోడు, "కూరేదమ్మా" అని రెండుసార్లు అడిగిండు. రాత్రి నాయిన ఒక్క మాటే అన్నడు, "గది పోతే ఏడికి పోతం?" సోమవారం పొద్దున లేచి అదే యజమాని బస్తాలు మోసిండు. మా నాయిన పిరికోడని చాలా ఏండ్లు అనుకున్నా. 1999లో నాయిన పోయినప్పుడు స్నానం పోస్తుంటే వీపు చూసినా. మెడ కింద నుంచి నడుము దాకా తోలు గట్టిపడి నల్లగ బండలాగ ఉంది. ఆ వీపు మీద మేం చదువుకున్నం. పిరికోడు అన్న మాట ఆ రోజు వెనక్కి తీసుకున్నా.

ఏడో తరగతి అయినంక ఎస్సీ హాస్టల్‌లో చేరినా. 1991లో అంబేద్కర్ శతజయంతి మీటింగులు జరుగుతుంటే మా హాస్టల్ పిల్లల్ని తీసుకుపోయేటోళ్లు. అక్కడ మొదటిసారి కారంచేడు గురించి పూర్తిగ విన్నా. మాదిగల మంచినీళ్ల చెరువులో కుడితి గుమ్మరించి బర్రెల్ని కడుగుతుంటే అడ్డుకున్నందుకు, మున్నంగి సువార్త తన మీదికి వచ్చినోళ్ల మీద బిందె ఎత్తినందుకు, 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపిన్రు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. ఆ రోజు మీటింగులో అందరూ చనిపోయినోళ్ల గురించి ఆలోచిస్తున్నరు. నేను మాత్రం ఆ బిందె దగ్గరే ఆగిపోయినా. అక్కడొక ఆడమనిషి బిందె ఎత్తింది. తర్వాత ఏడాదికి మా అమ్మ గిన్నె వంచింది. ఎత్తడానికీ వంచడానికీ నడుమ ఏమున్నది? ధైర్యం అని సులువుగ చెప్పొచ్చు. కానీ సువార్త వెనక ఒక పేట ఉన్నది, పేట అంతా మనోళ్లే ఉన్నరు. మా వెనక గోదాము గోడ ఉన్నది. ఒంటరి గదిలో ఉన్న మాదిగ కుటుంబానికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తది?

ఇక్కడ ఒక ప్రశ్న మన విద్యార్థి మిత్రులు అడుగుతరు. మన పెద్దలే తిండి మార్చుకోమన్నరు కదా అని. నిజమే. ఈ హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ 1911లో మన్య సంఘం పెట్టి తాగుడు మీద, జంతుబలుల మీద, జోగిని ఆచారం మీద ఊరూరు తిరిగి చెప్పిండు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం, ఎంగిలి మెతుకులు మానమన్నడు. నేను వాళ్ల మాట కాదనను. కానీ చచ్చిన గొడ్డు మానమన్నది, ఊరు పారేసింది తినొద్దని. మన పైసలతో మనం కొనుక్కున్నది పారబోయమని కాదు. మన పెద్ద మనల్ని కూర్చోబెట్టి మానమని చెప్పడం వేరు, గడప అవతల ముక్కు మూసుకున్నోడు మోరీ చూపడం వేరు. అదే అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకంలో, అంటరానితనం వేళ్లను ఈ తిండిలోనే వెతికి చూపించిండు. తిండి చిన్న సంగతి అయితే ఆయన అంత పుస్తకం ఎందుకు రాస్తడు?

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఈ వ్యాసం అందుకే రాస్తున్నా.

నాకు గుమాస్తా ఉద్యోగమొచ్చింది. 2003లో ఒక కాలనీలో ఇల్లు కిరాయికి అడగబోయినా. ఆ ఇంటాయన తెలుగాయనే, రిటైరయిన ఉద్యోగి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చిండు. ఎంతమంది ఉంటారండీ, నీళ్లు ఎక్కువ వాడరు కదండీ అన్నడు. చివరగా, "నాన్‌వెజ్ అవీ వండరు కదమ్మా" అన్నడు. కులం అడిగితే తప్పని తెలిసినోళ్లు కూర అడుగుతరు. మా సేటుకు మా కులం తెలుసు, అందుకని షరతు పెట్టిండు. ఈయనకు తెలియదు, తెలుసుకోవడానికి షరతు పెట్టిండు. నేను, "వండమండీ" అన్నా. ఎంత తొందరగ అన్ననంటే, ఆయన అడగడం పూర్తికాక ముందే అన్నా.

మూడేండ్లు ఆ ఇంట్లో ఉన్నా. కోడి తెచ్చుకుంటే నల్ల కవర్ మీద కవర్ వేసి, పైన కొత్తిమీర కట్ట కనపడేటట్టు పెట్టుకుని మెట్లెక్కేదాన్ని. బొక్కలు కాగితంలో చుట్టి పొద్దున ఆఫీసుకు పోతూ దూరం కుప్పలో పడేసేదాన్ని. మీటింగుల్లో మైకు పట్టుకుని ఆత్మగౌరవం గురించి మాట్లాడి, ఇంటికొచ్చి కిటికీలు మూసి కూర వండుకున్న మనిషిని నేను.

2006లో అమ్మ నా దగ్గర ఉండడానికి వచ్చింది. వచ్చేటప్పుడు సంచిలో కోడికాళ్లు, కుడుక తెచ్చింది, బిడ్డ తింటదని. అమ్మ పొయ్యి దగ్గరికి పోంగనే నేను లేచి తలుపు గడియ పెట్టినా. కిటికీ రెక్కలు దగ్గరికేసినా. ఊదుబత్తి వెలిగించినా. ఆలోచించి చేసినవి కావు, చేతులే చేసినయి. అమ్మ చూస్తా నిలబడ్డది. సర్కారు నౌకరీ చేసే బిడ్డ, చదువుకున్న బిడ్డ, తలుపు కింది సందులో గుడ్డ కుక్కుతుంటే చూస్తా నిలబడ్డది.

"నేను ఒక్కనాడు పారబోసిన బిడ్డా" అంది. "నువ్వు దినాం పారబోస్తున్నట్టున్నవ్."

చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయినా. తర్వాత లేచి ముందు కిటికీ తెరిచినా. తలుపు తెరవడానికి ఇంకొంచెంసేపు పట్టింది. అమ్మ కుడుక కాల్చింది. ఆ వాసన మెట్ల మీదుగ కిందికి పోయింది. సాయంత్రానికి ఇంటాయన వచ్చిండు. ఆయనా అరవలేదు. "వచ్చే నెల మా అబ్బాయి వస్తున్నాడమ్మా, ఇల్లు కావాలి" అన్నడు. ఆ నెల గడువులో ఇల్లు ఖాళీ చేసినం. ఆ నెలలో నాలుగు ఆదివారాలు వచ్చినయి. నాలుగు ఆదివారాలూ తలుపు తీసే వండినం. నేను గెలిచిన అని చెప్పడం లేదు. సామాను మళ్లా ఆటోలో వేసుకున్నం, అడ్వాన్సులో రంగులకని కొంత కోసుకున్నడు. కానీ ఈసారి గిన్నె మా చేతుల్లోనే ఉంది, నిండుగ ఉంది.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసిన్రు. గొడవలైనయి, రాళ్లు పడ్డయి. పేపర్లో ఆ వార్త చదువుతుంటే నాకు సిగ్గయింది. ఆ పిల్లలు అందరి నడుమ పొయ్యి పెట్టి పెద్దకూర వండిన్రు. నేను కోడికే గడియ పెట్టిన మనిషిని. ఇంకో నిజం కూడా చెప్పాలి. గిన్నె వంచిన నాడు అందులో ఉన్నది కోడే. కానీ మా అమ్మ చేతిలో అసలు రుచి పెద్దకూరది. అది ఉస్మాన్‌గంజ్ గదిలో ఒక్కనాడు కూడా వండలేదు. ఊరికి పోయినప్పుడే, మా గూడెంలోనే. కోడి అయితే అందరూ తింటరు, కోడి మన కులం చెప్పదు అనుకున్నం. పెద్దకూర వ్యాసం రాయమంటే కోడికూర వ్యాసం రాసినానంటే, నా తలుపు ఇంకా సగమే తెరుచుకుందని అర్థం. మిగిలిన సగం మీరు తెరవాలె, చదువుకుంటున్నోళ్లు.

ఇప్పుడు మేం ఉండేది మనోళ్లు ఉన్న బస్తీలో. అమ్మకు డెబ్బై దాటినయి. నడుము వంగింది, నేల ఊడ్చినప్పుడు వంగినట్టే ఉంది, ఇక లేవదు. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టిన్రు. సంచి తెచ్చి చూపిస్తే అమ్మ గుప్పెట్లోకి తీసుకుని వేళ్ల నడుమ నుంచి జారవిడిచింది. "మంచిగున్నయి" అంది. కాసేపాగి, "ఆదివారం కూరకు మాత్రం నూకలు తెచ్చుకోరాదు బిడ్డా, సన్నబియ్యం పులుసు పీల్చదు" అంది.

ఉస్మాన్‌గంజ్ పోయినా. మా గది ఉన్న సందు గుర్తుపట్టలేకపోయినా. లారీ దగ్గర హమాలీలు ఉన్నరు, వంగి ఉరుకుతనే ఉన్నరు. ఒకామె లారీ కింద ఊడుస్తుంది. కొంగులో మూట కనపడ్డది. నేను రెండు కిలోల నూకలు, పావుకిలో కుడుక పైసలిచ్చి కొన్నా. కొనుడు కొత్తగ అనిపించింది. ఆ నేల మీద మేం ఏరుకున్నమే గాని ఎన్నడూ కొనలేదు.

ఇప్పుడు పళ్లేలు చాలా ఉన్నయి. అయినా అమ్మ గిన్నెలోనే గుంట చేసి కూర పోస్తది. ఆదివారం పన్నెండింటికల్లా మా సందు మొదట్లోకే కాల్చిన కుడుక వాసన వస్తది. తలుపు తీసే ఉంటది. రండి.